వాడిన టర్బో అమ్మాను, డబ్బు వెనక్కి ఇవ్వకపోతే చీటింగ్ కేసు అంటున్నాడు

సందేహం: మాది తిరుపతి. కార్లంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. నా డీజిల్ కారుకి వేయించుకున్న పెద్ద టర్బో (ఇంజన్‌లోకి గాలి ఎక్కువగా నెట్టి శక్తి పెంచే పార్ట్) తీసేసి, మన కార్ల గ్రూపులోనే పరిచయమైన చిత్తూరు అబ్బాయికి 32,000 రూపాయలకి అమ్మాను. మూడు వారాలయ్యాక బండి నీలం పొగ వదులుతోంది, డబ్బు వెనక్కి ఇవ్వు, లేకపోతే స్టేషన్‌లో చీటింగ్ కేసు పెడతా అంటున్నాడు. అమ్మేటప్పుడే 'నో వారంటీ, నో రిటర్న్' అని మెసేజ్ పెట్టాను. ఇంకా కాయిలోవర్లు (బండి ఎత్తు మార్చుకునే స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ సెట్లు), ఒక ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) ఇంట్లో ఉన్నాయి. అవి అమ్మొచ్చా, లేక ఇదంతా చట్టవిరుద్ధమా?

జవాబు: తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకోండి. సొంత బండికి వాడిన పార్ట్ ఇంకొకరికి అమ్మడం నేరం కాదు. మీరు పంపిన చాట్ మొత్తం చదివాను. అందులో మీరు ధైర్యంగా పట్టుకున్న మాట ఒకటి, మిమ్మల్ని ఇరికించే మాట ఇంకొకటి. 'నో వారంటీ' అన్నది మీరు పట్టుకున్నది. దానికి నాలుగు మెసేజ్‌ల పైన మీరే రాశారు చూడండి, 'జీరో ప్లే బ్రో, పెట్టుకుని వెళ్ళిపోవడమే' అని, అంటే టర్బో లోపలి ఇరుసు (షాఫ్ట్) అస్సలు ఊగదని. ఈ గొడవంతా ఆ వాక్యం మీదే నడుస్తుంది.

వస్తు విక్రయ చట్టం 1930లోది. అందులో సెక్షన్ 16 ప్రకారం కొనేవాడు తన సరుకు తానే చూసుకుని కొనాలి, సరుకు ఇంత నాణ్యంగా ఉండాలన్న షరతు దానంతట అది రాదు. అందులో మినహాయింపులు ముఖ్యంగా ఆ సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాళ్ళకి. మీరు వ్యాపారి కాదు, పైగా వారంటీ లేదని ముందే చెప్పారు, అంతవరకు మీ పక్షమే. కానీ సెక్షన్ 15 అని ఒకటుంది: వర్ణించి అమ్మితే సరుకు ఆ వర్ణనకి సరిపోవాలి. 'జీరో ప్లే' అనేది వర్ణన. వారంటీ లేదన్నంత మాత్రాన మీరు చెప్పిన మాట చెరిగిపోదు.

నాకు తెలిసిన మెకానిక్‌ని అడిగాను. టర్బో షాఫ్ట్ కొసని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకి ఊపితే కొద్దిగా కదలడం చాలా టర్బోల్లో మామూలేనట, ముందుకీ వెనక్కీ లాగినప్పుడు చేతికి తెలిసేలా కదిలితే మాత్రం లోపల బేరింగ్ అయిపోయినట్టేనట. మీరు పంపిన వీడియోలో వేలు పెట్టి పక్కలకే ఊపారు, ముందుకీ వెనక్కీ లాగి చూపించలేదు. అవతలి లాయరు ఎవరైనా ఇదే పట్టుకుంటాడు. మీకు తెలిసీ చూపించలేదా, తెలియక చూపించలేదా అన్నది మీ మనసుకి తెలుసు, నాతో నిజం చెప్పండి, ఎందుకంటే సివిల్ గొడవకీ చీటింగ్‌కీ మధ్య ఉన్న గీత అదే.

చీటింగ్ అంటే, భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318, అమ్మే రోజునే మోసం చేయాలనే ఉద్దేశం ఉండాలి. తరవాత పార్ట్ పాడైందనో, డబ్బు తిరిగి ఇవ్వలేదనో అది చీటింగ్ కాదు, సుప్రీంకోర్టు ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అయితే బేరింగ్ పోయిందని తెలిసీ 'జీరో ప్లే' అని రాసి ఉంటే అది వేరే కథ, ఆ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే తప్పించుకు తిరగొద్దు, చాట్ ప్రింట్లూ మీరు కొన్నప్పటి బిల్లూ పట్టుకుని వెళ్ళండి. ఫోన్‌లో చాట్ డిలీట్ చేయొద్దు, అది మీకు కూడా సాక్ష్యమే.

ఇక నీలం పొగ. పొగ వచ్చింది కాబట్టి టర్బోదే తప్పు అని చట్టమూ అనదు, మెకానిక్కూ అనడు. టర్బో నుంచి ఆయిల్ వెనక్కి దిగే పైపు మూసుకుపోయినా, బిగించేటప్పుడు ముందుగా ఆయిల్ పోయకుండా స్టార్ట్ చేసినా మంచి టర్బో కూడా పాడవుతుంది. అమ్మినప్పటికే లోపం ఉందని నిరూపించాల్సింది ఆ అబ్బాయి. బిగించుకుని మూడు వారాలు తిప్పాడు అంటే సరుకు ఒప్పుకున్నట్టే, కాబట్టి మామూలుగా అయితే సరుకు మొహాన కొట్టి మొత్తం డబ్బు అడిగే హక్కు పోతుంది, నష్టపరిహారం మాత్రమే అడగగలడు. మోసం రుజువైతే ఈ రక్షణ ఉండదు.

నేను మీ స్థానంలో ఉంటే ఈ వారమే ఒక మెసేజ్ పెడతాను: 'టర్బో నువ్వొక్కడివే విప్పించొద్దు, ఇద్దరికీ నమ్మకమున్న మెకానిక్ దగ్గర ఇద్దరం ఉండగా విప్పిద్దాం, ఖర్చు చెరిసగం.' చిత్తూరు ఎంత దూరం, 70 కిలోమీటర్లు. వెళ్ళి కూర్చోండి. తేలకపోతే న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెడితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేస్తారు, కోర్టు ఫీజు లేదు, అక్కడి అవార్డు (తీర్పు) కోర్టు డిక్రీతో సమానం. 32,000 కోసం కోర్టు మెట్లెక్కితే ఇద్దరూ ఆ టర్బో ఖరీదుకి మించి పోగొట్టుకుంటారు, పైగా ఒకే పిచ్చి ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు శత్రువులవడం నాకు నిజంగా బాధగా ఉంది.

మిగిలిన పార్ట్‌ల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే ఖరారు చేసింది. అనుమతి లేని పార్ట్ బిగించుకున్న యజమానికి సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అది బిగించుకునేవాడి మీద. కానీ అదే సెక్షన్‌లో అమ్మేవాడికీ ఒక వాత ఉంది: కేంద్రం కీలక భద్రతా భాగంగా నోటిఫై చేసినది ప్రమాణాలకి తగ్గట్టు లేకుండా అమ్మితే ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. బ్రేకులు, స్టీరింగ్ జోలికి వెళ్ళేముందు ఆ జాబితా చూసుకోండి. ఎగ్జాస్ట్ అయితే శబ్దం, పొగ పరిమితి దాటిన బండి రోడ్డు మీద నడిపితే 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు. కొనేవాడికి 'ఇది రోడ్డు మీదకి కాదు' అని రాసి ఇవ్వండి. దాచిపెట్టి అమ్మొద్దు.

కాయిలోవర్లు ఎక్కడివి? చాట్‌తో పాటు పంపిన వివరాల్లో మీరు చెన్నై పుదుపేటలో (పాత బండి పార్ట్‌ల మార్కెట్) కొన్నానన్నారు, బిల్లు లేదన్నారు. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. అమ్మినవాడికి లేని హక్కు మీకు రాదు. అది దొంగ బండి నుంచి తీసిందైతే మీరు డబ్బిచ్చి కొన్నా అసలు యజమానిదే, దొంగసొత్తని తెలిసో, అలా నమ్మే కారణం ఉండో కొన్నారని తేలితే మూడేళ్ళ దాకా శిక్ష ఉన్న నేరం. కొన్నప్పటి యూపీఐ చెల్లింపు, ఫోటోలు, అమ్మినవాడి నంబరు వెతికి పట్టుకోండి. అవి లేకపోతే అమ్మకండి.

ఇంకో మాట, మీరు నెలకొకటి బెంగళూరు నుంచి తెచ్చి లాభానికి అమ్మడం మొదలుపెడితే అప్పుడు మీరు వ్యాపారే. పైన చెప్పిన సెక్షన్ 16 మినహాయింపు, వినియోగదారుల చట్టం మీ మీదకొస్తాయి, అమ్మకాలు పరిమితి దాటితే జీఎస్టీ కూడా. సొంతది తీసి ఒకసారి అమ్మేవాడికి ఆ బాధ లేదు.

కాయిలోవర్ల కాగితాలు దొరికితే, అమ్మే కాగితం మీద ఈ నాలుగూ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి: ఎక్కడ కొన్నారు, ఎన్ని కిలోమీటర్లు వాడారు, ఏ డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) దగ్గర ఆయిల్ తడి కనిపించింది, కొనేవాడు చేతిలో పట్టుకుని చూశాడని. పార్సిల్‌లో పంపితే ప్యాక్ చేయకముందు వీడియో తీసి, పార్సిల్ రసీదు ఫోటో అదే రోజు అతనికి పంపండి.