నిరీక్షణ అంటే చూడటమే

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి, వందనములు.

క్రిస్మస్ సంచిక కోసం నువ్వు రాసిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, విశ్వాసం నిజమైనది. అయితే అందులోని చలికాలం నీది కాదు. పల్నాటి నల్లరేగడి నేలల్లో పుట్టి పెరిగిన నువ్వు మంచు కప్పిన పైన్ చెట్లనూ, గడ్డకట్టిన చెరువులనూ వర్ణించి, ఆ తెల్లదనంలో క్రీస్తు నిరీక్షణ కనబడిందని రాశావు. లండన్‌లో డిసెంబరు 21న పగలు 8 గంటలు కూడా ఉండదు. అక్కడి విశ్వాసి క్రిస్మస్‌కు ముందరి వారాల్లో, అంటే ఆగమన కాలంలో, వెలిగించే కొవ్వొత్తి చుట్టూ నిజంగానే అంత చీకటి ఉంటుంది. మన దగ్గర అదే రోజు పగలు 11 గంటలు దాటుతుంది.

మన చీకటి నడక వేరు. మన ప్రాంతంలో సూర్యుడు అన్నిటికంటె పెందలాడే అస్తమించేది డిసెంబరులో కాదు, నవంబరు చివరి రోజుల్లోనే. ఆగమన కాలపు మొదటి ఆదివారం నాటికే సాయంత్రాలు కొద్దికొద్దిగా పొడుగవడం మొదలవుతుంది. పొద్దు పొడవడం మాత్రం క్రిస్మస్ దాటినా, సంక్రాంతి దాటినా, జనవరి మూడో వారం దాకా ఆలస్యమవుతూనే ఉంటుంది. ప్రభువు వచ్చాడనీ, ఇంకా రావలసి ఉన్నాడనీ ఒకే నోటితో ఒప్పుకునే సంఘానికి, ఒక కొసన వెలుగూ మరో కొసన చీకటీ పెరిగే ఈ వారాల కంటె సరైన రోజులు ఎక్కడ దొరుకుతాయి? ఇది ఏ పుస్తకంలోనూ వెతకనక్కరలేదు, గడియారం పెట్టుకొని మీ డాబా మీద నిలబడితే చాలు.

ఇక మీ శనగచేను సంగతి. వానలు వెనకబట్టాక విత్తి, నీరు పెట్టకుండా, నేలలో మిగిలిన పదును మీదా రాత్రి కురిసే మంచు మీదా బతికే పైరు అది. తెల్లవారకముందే చెప్పులు గట్టున విడిచి సాలు వెంట నడువు. మోకాళ్ళ దాకా తడుస్తుంది. వంగి చూస్తే చిన్న చిన్న ఆకుల నూగు మీద ఒక్కొక్క బొట్టు విడివిడిగా నిలిచి ఉంటుంది. వేలితో తాకి నాలుకకు రాసుకుంటే పుల్లగా ఉంటుంది. వెనకటి పెద్దలు రాత్రిపూట పైరు మీద పలుచని గుడ్డ పరిచి, వేకువనే పిండి, ఆ పుల్లటి నీటిని సీసాలో పోసి కడుపునొప్పికి మందుగా దాచేవారు. హోషేయ గ్రంథం 14వ అధ్యాయంలో దేవుడు తాను ఇశ్రాయేలుకు మంచువలె ఉంటానని అంటాడు. మన భాషలో రాత్రి కురిసే బొట్టుకూ, గడ్డకట్టిన తెల్లదనానికీ మంచు ఒక్కటే మాట కావడం వల్ల, నీ కళ్ళు ఆ మాట వెంట పైన్ చెట్ల దాకా వెళ్ళిపోయాయి. ప్రవక్త చెప్పినది మీ చేలో కురిసే మంచే: అది పడుతున్న చప్పుడు వినబడదు, పొద్దెక్కితే కనబడదు, పైరు మాత్రం బతికి ఉంటుంది.

ఇలా రాస్తున్నానని ప్రకృతిలోని ప్రతి గుర్తునూ తొందరపడి నిరీక్షణగా మార్చకు. ఈ తప్పు నేనే చేశాను. 2023లో ఆగమన కాలం మొదలైన రెండు రోజులకే, డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మొలకను నిరీక్షణకు గుర్తుగా చూపుతూ నేను రాసిన వ్యాసం అప్పటికి అచ్చుకు సిద్ధంగా ఉంది. తరువాత డెల్టాకు వెళ్ళినప్పుడు ఒక కౌలు రైతు, నానిపోయిన వరిపన విప్పి, గుప్పెడు వడ్లు నా అరచేతిలో పోశాడు. గింజ గింజకూ తెల్లని మొలక. అతనికి ఆ మొలకలు అప్పు. ఆ రాత్రే వ్యాసం వెనక్కి తీసుకున్నాను. సృష్టి యావత్తూ మూలుగుతోందని పౌలు రోమా సంఘానికి రాసిన మాటను అంతకుముందు ఎన్నోసార్లు ప్రసంగాల్లో విన్నాను, కాని చేతిలో పట్టుకోవడం అదే మొదలు. యెషయా చెప్పిన చిగురు కూడా గొడ్డలి పడిన మొద్దునుంచి వచ్చేదే. దాన్ని చూడాలనుకుంటే, చెరకు కొట్టేశాక మోళ్ళను నేలమట్టంగా నరికిన తోటకు వెళ్ళి, కార్శి పిలకలు, అంటే మళ్ళీ నాటకుండానే లేచే పిలకలు, మట్టి లోపలి కణుపుల నుంచి ఎలా వస్తాయో చూడు. వడ్ల మొలక గురించీ రాయి, కార్శి పిలక గురించీ రాయి, కాని ఒకదాని మాట మరొకదానికి తగిలించకు.

మన బైబిలు అనువాదకులు ఆశ అనే అర్థానికి ఎంచుకున్న నిరీక్షణ అనే మాటలో ఈక్షణం ఉంది, అంటే చూపు. ఎదురుచూడటానికి వాళ్ళు వాడిన కనిపెట్టు అనే మాటను మన ఇళ్ళల్లో పసిబిడ్డను కనిపెట్టుకొని ఉండటానికీ, దాగిన దాన్ని కనుక్కోవడానికీ వాడుతాం. కీర్తనకారుడి కావలివాడు ఉదయం కొరకు కనిపెట్టినట్టు నువ్వు చేను దగ్గర కనిపెట్టాలి, అమ్మాయీ. రాసేది తరువాత.

వ్యాసం తిప్పి పంపుతున్నాను. వేకువ ప్రార్థన నుంచి వచ్చిన మీ అమ్మమ్మ తడిసిన శాలువాను దండెం మీద ఆరేసే వాక్యం ఒకటి మూడో పేజీలో ఉంది. మిగతాదంతా మళ్ళీ రాయి, ఆ వాక్యం మాత్రం అలాగే ఉంచు. సంచికకు ఇంకా పది రోజుల గడువుంది.