చెవి మోడల్ నుంచి మళ్లీ శబ్దం తెస్తుంటే మాట డొల్లగా వస్తోంది, ఎందుకు?

మన చెవి పనిని కంప్యూటర్లో అనుకరించే మోడల్ ఇది. శబ్దాన్ని ఫ్రీక్వెన్సీల వారీగా విడగొట్టేవి గామాటోన్ ఫిల్టర్లు, ఒక్కో ఫిల్టర్ నుంచి వచ్చేది ఒక్కో ఛానెల్. ఆ ఛానెళ్లన్నీ కూడితే మాట తెలుస్తోంది కానీ డొల్లగా ఉందన్నారు. నాదీ అదే కథ. గుంటూరులో ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అప్పుడు బ్రాడీపేట ఇంట్లో అమ్మ చేత ‘ఒరేయ్, పచ్చడి జాడీకి వాసెన కట్టరా’ అనిపించి ఫోన్‌లో రికార్డ్ చేశాను. మోడల్లోంచి తిప్పి తెచ్చి వినిపిస్తే, ‘గొంతు నాదేలే, బిందెలో తలపెట్టి అరిచినట్టుందేంట్రా’ అంది.

ఫిల్టర్లు చాల్లేదేమోనని 32 నుంచి 64కి, ఆ తర్వాత 128కి పెంచాను. వారం పోయింది, బిందె మోత పోలేదు.

అసలు తిరకాసు ఆలస్యంలో ఉంది. మన చెవిలో లాగే తక్కువ ఫ్రీక్వెన్సీ ఫిల్టర్లు సన్నవి, అంటే కొద్ది ఫ్రీక్వెన్సీలనే పోనిస్తాయి; సన్నటి ఫిల్టర్ నెమ్మదిగా లేస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర గామాటోన్ శిఖరానికి చేరడానికి సుమారు 13 మిల్లీసెకన్లు, 4000 దగ్గర ఒక్కటే. అంటే అమ్మ ‘జాడీ’ అనగానే పై ఫ్రీక్వెన్సీలు ముందొచ్చేసి, కిందివి కాళ్లీడ్చుకుంటూ వస్తున్నాయన్నమాట. ఒక్కో ఛానెల్‌ని వెనక నుంచి ముందుకు తిప్పి, అదే ఫిల్టర్ గుండా ఇంకోసారి పంపి, మళ్లీ తిప్పి, అప్పుడు కూడండి. మొదటిసారి పడ్డ ఆలస్యం రెండోసారి చెల్లిపోతుంది.

హెయిర్ సెల్ దశ, అంటే చెవిలో శబ్దాన్ని నరాల సంకేతాలుగా మార్చే కణాల నకలు, కూడా పెట్టానన్నారు. అది తరంగంలో కింది సగాన్ని కోసేస్తుంది. ఇక రాదనుకుని నేనూ కంగారుపడ్డా. కానీ ఆ ఛానెల్ ఏ బ్యాండ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీల మధ్య) ఉండాలో మనకు తెలుసు కదా! మిగిలిన సగాన్నే ఆ బ్యాండ్‌కి ఫిల్టర్ చేస్తే కింది సగం కాస్త మొలుస్తుంది. పై సగంలో తెలిసిన విలువలు తిరిగి పెట్టి మళ్లీ పంపండి. 1994లో స్లేనీ, నార్, లయన్ అనే పరిశోధకులు పట్టుకున్న దారి ఇదే. నాకు పది విడతల్లోపే సరిపోయింది.

ఒకవేళ మీరు 10 మిల్లీసెకన్ల సగటు శక్తిని మాత్రమే దాచుకుని ఉంటే మాత్రం ఫేజ్ (తరంగం ఏ క్షణంలో పైకి, ఏ క్షణంలో కిందికి వెళ్తోందన్న సమాచారం) నిజంగానే పోయినట్టు. అప్పుడు 1984 నాటి గ్రిఫిన్-లిమ్ పద్ధతిలో లాగా పదేపదే సరిదిద్దుతూ ఫేజ్‌ని ఊహించుకోవడమే. అలాంటప్పుడు స్క్రీన్ మీద రెండు తరంగాలు కలవలేదని టెన్షన్ పడకండి, ఆకారం వేరైనా చెవికి దాదాపు ఒకేలా వినిపించొచ్చు.

ఆలస్యం సరిచేశాక అమ్మకి మళ్లీ వినిపించాను. ఈసారి శబ్దం ఊసే ఎత్తలేదు. ‘ఇంతకీ వాసెన కట్టావా లేదా?’ అంది.