తేదీలు లేని నోటుపుస్తకాల్లో ఏ బొమ్మ ముందు?

హన్మకొండలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసిన మీ నాన్నగారి పుస్తకాల్లో ఖిలా వరంగల్ తోరణం చిత్తుబొమ్మలకు తేదీలు లేవనీ, కాగితాలు విడదీసి వరుసగా పెట్టుకోవచ్చా అనీ అడిగారు. దయచేసి విడదీయకండి, కుట్టు చెదరని పుస్తకంలో పేజీల వరుసే మీకున్న మొదటి ఆధారం. ప్రతి పేజీ మూలన మెత్తని పెన్సిలుతో అంకె వేసి, ఖాళీ పేజీలతో సహా ఫొటోలు తీయండి. తర్వాత చీకటి గదిలో టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే, చెరిపేసిన గీతల గాడులూ, పై పేజీలో ఒత్తి గీసిన బొమ్మ నొక్కులూ బయటపడతాయి.

స్పెయిన్ చిత్రకారుడు పికాసో తన పెద్ద యుద్ధవ్యతిరేక చిత్రం 'గెర్నికా' చిత్తుబొమ్మలపై తేదీలు వేశాడు కనుక, 1937 మే 1న మొదలైన ఊహ ఎలా మారిందో తెలుస్తోంది. ఆ చిత్రం తయారవుతుండగా ఫొటోగ్రాఫర్ డోరా మార్ తీసిన ఫొటోల్లో తొలుత కనిపించే ఎత్తిన పిడికిలి పూర్తయిన చిత్రంలో లేదు. మీకు అంత సౌకర్యం లేకపోయినా, మీరు పెట్టిన రెండు ఫొటోల్లోనే ఒక జాడ ఉంది: ఒకదానిలో తోరణం మీది హంస పక్కన 'మెడ పొట్టి' అని రాసుకున్నారు, రెండోదానిలో మెడ సాగింది. కాబట్టి పొట్టి మెడ బొమ్మే ముందుది అయి ఉండాలి. అంచుల్లోని కిరాణా లెక్కలనూ వదలకండి. బియ్యం ధర ఏడాదిని పట్టిస్తుంది.