"తగినంత" అని రాయకు

అమ్మాయ్,

రొయ్యల వేపుడు, ఆనపకాయ కూర గురించి నువ్వు పంపిన వంట వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేరా దగ్గరే ఆగిపోయాను. "రొయ్యలు మెత్తబడేదాకా 20 నిమిషాలు ఉడికించాలి" అని రాశావు. రొయ్య ఉడికేకొద్దీ మెత్తబడదమ్మా, గట్టిపడుతుంది. మేక తొడ మాంసంలో కండను పట్టి ఉంచే పీచు చాలాసేపు ఉడికితే కరిగి జిగురవుతుంది, అందుకే మాంసం మెత్తబడుతుంది. రొయ్యలో అలా కరగాల్సిన పీచు దాదాపు లేదు. వేడి తగలగానే కండ ముడుచుకుని లోపలి నీటిని బయటికి తోసేస్తుంది. అది రెండు మూడు నిమిషాల్లో జరిగిపోయే పని. ఆ తర్వాత పొయ్యి మీద ఉంచే ప్రతి నిమిషమూ రబ్బరు చెయ్యడానికే. నీ మాట నమ్మి వండిన మనిషి కిలో రొయ్యలు పాడు చేసుకుని, తప్పు తన చేతిదే అనుకుంటుంది. నాకు కోపం వచ్చింది అందుకే.

రెండోసారి చదివినప్పుడు ఐదో పేరాలో ఒక వాక్యం కనిపించింది. "నీళ్ళు ఇంకాక బాణలిలో చప్పుడు మారుతుంది." ఈ ఉత్తరం రాయించింది ఆ వాక్యమే. అది పుస్తకంలో చూసి రాసింది కాదు, పొయ్యి దగ్గర నిలబడి విని రాసింది. అంత చెవి ఉన్న పిల్లవి, మిగతా వ్యాసమంతా "తగినంత ఉప్పు", "సరిపడా నూనె", "కొంచెంసేపు" అని ఎందుకు రాశావు?

తగినంత అన్న మాట వంట వచ్చినవాళ్ళకి అక్కర్లేదు, రానివాళ్ళకి పనికిరాదు. ఎవరి కోసం రాస్తున్నట్టు మరి? ఓ వారపత్రికకి వంటలు రాసే రోజుల్లో స్థలం చాలదని నా కొలతలు కత్తిరించి ఆ చోట "తగినంత" అని అచ్చేశారు. ఆ వారం ఉత్తరాలన్నీ నా మీదే వచ్చాయి. ఆ పేజీలో బొమ్మకి సగం స్థలం ఇచ్చారు, చెంచా లెక్కకి ఒక వరుస దొరకలేదు. ఇన్నేళ్ళయినా ఆ బాధ పోలేదు. నీ దగ్గర ఎవరైనా కొలత కొట్టేస్తే బొమ్మ తీసెయ్యమని అడుగు, వ్యాసమే వెనక్కి తీసుకో, కొలత మాత్రం వదలకు.

రొయ్యలతోనే మొదలుపెడతాను. "అరకిలో రొయ్యలు" అన్నావు. ఒలిచినవా, ఒలవనివా? తలా పొట్టూ తీస్తే దాదాపు సగం బరువు పోతుంది. నలుగురికి కావాలంటే బజారులో కిలో కొనాలి, ఒలిచాక అరకిలో పైచిలుకు మిగులుతుంది. కౌంట్ ఎంతో కూడా చెప్పాలి. భీమవరం వైపు ఎవరినడిగినా రొయ్య సైజు కౌంట్‌లోనే చెబుతారు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయని. 40 కౌంట్ రొయ్య ఒక్కోటి 25 గ్రాములు, 100 కౌంట్ అయితే 10 గ్రాములే. రెండూ ఒకే సమయంలో ఎలా ఉడుకుతాయి? ఏ రొయ్యో కూడా రాయి. 1990ల్లో మన చెరువుల్లో టైగర్ రొయ్య పెంచేవాళ్ళు. 2009లో వనామీ అనే రకం రొయ్యకి అనుమతి వచ్చాక చెరువులు చాలామటుకు దానికే మారిపోయాయి. ఈరోజు నీ పాఠకురాలి చేతికి వచ్చేది ఎక్కువగా వనామీయే కాబట్టి లెక్కలన్నీ దానికి వేసి రాయి.

శుభ్రం చెయ్యడం గురించి ఒక్క ముక్కలో తేల్చేశావు. వీపు మీద నల్ల నరం అంటాం గానీ అది నరం కాదు, పేగు. కత్తి మొనతో వీపు మీద గీత పెట్టి లాగాలి. లోతుగా కోస్తే వేపుడులో రొయ్య రెండుగా విచ్చుకుని త్వరగా ఎండిపోతుంది, గోరు మందం గీత చాలు. తల లాగగానే ఊడి వచ్చేస్తుంటే, ఘాటైన అమ్మోనియా వాసన వస్తుంటే ఆ రొయ్య వద్దు. గడ్డకట్టించిన ప్యాకెట్ తెచ్చుకునేవాళ్ళకి వేరే మాట చెప్పాలి. దాని మీద మంచు పూత ఉంటుంది, కొన్నిటిని నీరు పట్టి ఉంచే లవణాల్లో నానబెడతారు కూడా. అవి తాజా రొయ్య కంటే ఎక్కువ నీళ్ళు వదులుతాయి. ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలో జల్లెడ మీద పెట్టి, కింద గిన్నె ఉంచాలి.

ఇక నీ చప్పుడు దగ్గరికి వస్తాను. మన ఇళ్ళలో రొయ్యల్ని ఉప్పూ పసుపూ వేసి ముందు ఉడికిస్తారు, నీరు ఊరుతుంది, ఆ నీరు ఇగిరేదాకా అలాగే పొయ్యి మీద ఉంచుతారు. నువ్వు చెప్పిన 20 నిమిషాలు అక్కడినుంచే వచ్చి ఉంటాయి. నీరు ఇగరడం అవసరమే, కానీ అది ఇగిరేదాకా రొయ్య అందులో ఎందుకుండాలి? అరకిలో ఒలిచిన రొయ్యలకి అర చెంచా పసుపు, చెంచా మెత్తటి ఉప్పు పట్టించి పది నిమిషాలు ఉంచాలి. కళ్ళుప్పు అయితే నూరి కొలవాలి, లేకపోతే చెంచా లెక్క తప్పుతుంది. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి బాణలిలో చెంచా నూనె వేడెక్కాక రొయ్యల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా రెండు విడతలుగా వెయ్యాలి. ఇరికించి పోస్తే బాణలి చల్లబడి రొయ్యలు తమ నీళ్ళలో తామే ఉడికిపోతాయి. బూడిదరంగు పోయి లేత నారింజ రంగు తిరుగుతుంది. ఆ రంగు రొయ్యలో ముందునుంచీ ఉన్నదే, ఒక మాంసకృత్తు దాన్ని కప్పి ఉంచుతుంది, వేడికి ఆ పట్టు విడిపోతుంది. రొయ్య సగం చంద్రుడిలా వంగగానే తీసి పళ్ళెంలో పెట్టాలి. తలా తోకా కలిసి చుట్టలా చుట్టుకుందంటే అప్పటికే ఆలస్యమైంది. 40 కౌంట్‌కి ఇదంతా రెండు నిమిషాలు.

బాణలిలో మిగిలిన నీరు పారబొయ్యకూడదు, రుచి అందులోనే ఉంది. దాన్ని రెండు మూడు చెంచాలు మిగిలేదాకా మరిగించి చిన్న గిన్నెలోకి తీసి ఉంచమని రాయి.

అదే బాణలిలో మూడు పెద్ద చెంచాల నూనె, రెండు మాదిరి ఉల్లిపాయలు సన్నగా తరిగి, మూడు పచ్చిమిరపకాయలు, రెండు రెమ్మల కరివేపాకు. ఉల్లి అంచులు ఎర్రబడ్డాక పెద్ద చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద. ఇదే అడుగంటే చోటు. అడుగంటితే అందరూ నీళ్ళు చల్లుతారు. నీళ్ళెందుకు, తీసి ఉంచిన రొయ్యల నీరు అక్కడే పోసి గరిటెతో గీకితే అడుగున పట్టింది వదిలి మసాలాలో కలిసిపోతుంది. తర్వాత మంట తగ్గించి చెంచాన్నర కారం, చెంచా ధనియాల పొడి. కారం పెద్ద మంట మీద వేస్తే పది సెకన్లలో మాడి చేదెక్కుతుంది.

అప్పుడు వినాలి. నీరున్నంతసేపూ బాణలి తుకతుకమంటుంది, బుడగలు పెద్దవిగా పగులుతాయి. నీరు ఉన్నంతవరకూ మసాలా వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఎంత మంట పెట్టినా వేగదు. నీరు తీరిపోగానే ఆ మోత సన్నబడి చిటచిటగా మారుతుంది, నూనె అంచుల్లోకి విడిపోయి మెరుస్తుంది. వేపుడు మొదలయ్యేది ఆ క్షణం నుంచి. రొయ్యల్ని వెనక్కి వెయ్యాల్సిందీ అప్పుడే. ఒక నిమిషం, ఎక్కువంటే నిమిషంన్నర తిప్పి, అర చెంచా గరం మసాలా చల్లి దించెయ్యాలి. నువ్వు చప్పుడు విన్నావు గానీ, విన్నాక ఏం చెయ్యాలో రాయలేదు. ఆ వాక్యం వ్యాసం మధ్యలో ఉండాలి, దాని చుట్టూ మిగతావన్నీ కూర్చు.

పక్కన పెట్టిన కూర సంగతి. ఆనపకాయ ఎంచుకోవడం బాగుంది. రొయ్యలూ ఆనపకాయా కలిపి వండే అలవాటు గోదావరి ఇళ్ళలో ఉన్నదే. వాటిని విడదీసి, ఒకటి కారంగా ఒకటి కమ్మగా పళ్ళెంలో పక్కపక్కన పెట్టాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. కానీ దానికి "క్రీమీ సొరకాయ" అని పేరు పెట్టి ప్యాకెట్ క్రీమ్ పోశావు. ఈ మధ్య ఏ కూర చూసినా ఆ క్రీమే. బెండకాయలోనూ అదే, కోడిగుడ్డులోనూ అదే. నాలుక మీద కొవ్వు పూత తప్ప కాయ రుచి తెలియదు. పాలు పోసిన కూర అనే అచ్చమైన మాట మనకుంది, బీరకాయతో, పొట్లకాయతో, ఆనపకాయతో తరతరాలుగా చేస్తున్నారు. ఆ పేరు రాయడానికి మొహమాటం దేనికి?

అయితే ఇక్కడ ఇంకో చిక్కుంది, నువ్వు గమనించలేదు. చేపా రొయ్యలతో పాలు కలపకూడదని చాలా ఇళ్ళలో పట్టింపు. చరక సంహితలో చేపలూ పాలూ విరుద్ధాహారమని ఉంది. నువ్వు నమ్ముతావా లేదా అన్నది వేరు, నీ పాఠకురాలి అత్తగారు ఆ పళ్ళెం ముట్టుకోదు. అందుకని ఈ భోజనానికి కొబ్బరిపాలు పొయ్యి. కోనసీమ పక్కనే పెట్టుకుని మనకి క్రీమ్ ప్యాకెట్ ఎందుకు?

ముదిరిన కొబ్బరికాయలో సగం చెక్క కోరి, అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళతో రుబ్బి బట్టలో పిండితే వచ్చేవి చిక్కటి పాలు. అదే పిప్పిలో గ్లాసు నీళ్ళు పోసి మళ్ళీ పిండితే పలచటివి. రెండిటినీ కలిపేసిన వ్యాసాలే ఎక్కువ చూశాను, కూర విరిగేది అక్కడే. పలచటి పాలలో కాయ ఉడకాలి, చిక్కటి పాలు ఆఖర్న రావాలి.

600 గ్రాముల లేత ఆనపకాయ తీసుకోమను. గోరు నొక్కితే దిగాలి. చెక్కు తీశాక పచ్చి ముక్క ఒకటి తప్పకుండా నాలుక మీద పెట్టి చూడమని రాయి. చేదుగా ఉంటే కాయంతా పారెయ్యాలి, ఉడికిస్తే చేదు పోతుందనుకోకూడదు. ఆ చేదు విషం, వాంతులు విరేచనాలతో ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు. నీ వ్యాసంలో ఈ మాటే లేదు. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకు.

అంగుళంలో సగం ముక్కలు కోసి, రెండు చెంచాల నూనెలో చెంచా మినప్పప్పు, అర చెంచా ఆవాలు, అర చెంచా జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, నాలుగు చీల్చిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు పోపు పెట్టి ముక్కలు వెయ్యాలి. ముప్పావు చెంచా ఉప్పు. పసుపు వద్దు, ఈ కూర తెల్లగానే ఉండాలి. పలచటి పాలు ముప్పావు గ్లాసు చాలు. ఆనపకాయలో నూటికి 90 వంతులకు పైగా నీరే, ఉప్పు తగలగానే అదంతా బయటికొస్తుంది. మూత పెట్టి ఎనిమిది నిమిషాలు, తర్వాత మూత తీసి, ముక్క గాజులా తేరి కత్తి మొన ఆగకుండా దిగేదాకా. అడుగున కొద్దిగా నీరు మిగిలినప్పుడు చెంచా బియ్యప్పిండిని రెండు చెంచాల చల్లటి పలచటి కొబ్బరిపాలలో కలిపి పొయ్యాలి. పొడిగా చల్లితే ఉండలు కడుతుంది. ఆ పిండి చిక్కదనానికే కాదు, పాలు విరగకుండా పట్టి ఉంచడానికి కూడా. రెండు నిమిషాలు ఉడికాక మంట బాగా తగ్గించి చిక్కటి పాలు పోసి, అంచున మొదటి బుడగ లేవగానే దించాలి. మరిగితే కొవ్వు విడిపోయి పైన నూనె తేలుతుంది, కింద నీళ్ళు నిలుస్తాయి. ఇందులో నిమ్మరసం, టమాటా, చింతపండు ఏదీ పడకూడదు. పులుపు కావాలంటే నిమ్మచెక్క రొయ్యల పక్కన పెట్టుకోవచ్చు.

ఏది ముందు వండాలో నువ్వు చెప్పలేదు. నువ్వు రాసిన వరుసలో వండితే రొయ్యలు ముందైపోయి అరగంట చల్లారతాయి, మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ ముడుచుకుంటాయి. ఆనపకాయ కూర ఆగుతుంది, రొయ్య ఆగదు. బియ్యం కడిగి నానబెట్టి, కొబ్బరి కోరి పాలు తీసి ఉంచాలి. తర్వాత అన్నం ఒక పొయ్యి మీద, కూర ఒక పొయ్యి మీద. అన్నం దించడానికి పది నిమిషాల ముందు రొయ్యలకు ఉప్పు పట్టించి, దించాక ఆ పొయ్యి మీద రొయ్యలు. చిక్కటి పాలు మాత్రం పళ్ళేలు వెయ్యబోయే ముందు పొయ్యాలి.

పుస్తకం వెయ్యడం గురించి, కలం పేరు గురించి అడిగావు. ఆ మాటలు మరోసారి. ముందు ఈ రెండు కూరలూ నీ చేత్తో మూడుసార్లు వండు, ఒకసారి వంట రాని మనిషి చేత నీ కాగితం చూపించి వండించు, నువ్వు పక్కన నిలబడి నోరు మెదపకు. ఆ మనిషి ఎక్కడ తలెత్తి నీ వంక చూస్తుందో ఆ వాక్యం దగ్గర గీత పెట్టి, తిరగరాసి పంపు. రొయ్యలు ఎన్ని కౌంటో మొదటి వరుసలోనే ఉండాలి.

ఆశీస్సులతో,
అత్తయ్య