పప్పు గిన్నె జారినప్పటి నుంచి అందరూ నన్నే చూస్తున్నట్టుంది!

ప్రశ్న: నా వయసు 27. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మూడు నెలల కింద యాదగిరిగుట్టలో మా ఆడబిడ్డ కొడుకుకు పుట్టువెంట్రుకలు తీయించారు. భోజనాల్లో వడ్డిస్తుంటే నా చేతిలో పప్పు గిన్నె జారి చుట్టాల మీద పడింది. అప్పటి నుంచి నలుగురిలోకి పోవాలంటే టెన్షన్. మా యారాలు కూడా సరిగా మాట్లాడటం లేదు. మొన్న ఒక పెళ్లికి కడుపునొప్పని చెప్పి ఆగిపోయాను. నాకేమైనా జబ్బా?

డాక్టర్ సలహా: ఆ రోజు బంతిలో ఎవరి గ్లాసు ఒలికింది, ఎవరి పిల్లాడు ఏడ్చాడు? మీకు గుర్తుండదు. పప్పు పడిన ఒకరిద్దరికి మీ సంగతి గుర్తుంటుందేమో. మిగతావాళ్లు ఇంటికి చేరేలోపే మరిచిపోయి ఉంటారు.

అందరూ మననే చూస్తున్నారనిపించడాన్ని మనస్తత్వ శాస్త్రంలో 'స్పాట్‌లైట్ ఎఫెక్ట్' అంటారు. 2000లో అమెరికా పరిశోధకుడు థామస్ గిలోవిచ్ బృందం ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. వేసుకోవడానికి సిగ్గుపడేలా ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, విద్యార్థులను ఒక్కొక్కరిగా తోటివాళ్లున్న గదిలోకి పంపారు. గదిలో సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది దాదాపు నాలుగో వంతు మందే. మన తప్పు మన కళ్ల ముందే ఉంటుంది కాబట్టి, అందరికీ అంతే పెద్దగా కనిపిస్తోందనుకుంటాం.

ఇక మీ యారాలు. ఆమె ముభావంగా ఉంటే కారణం మీరేనని తేల్చేసుకున్నారు. పిల్లల ఫీజులో, ఒంట్లో నలతో, ఇంకేదో ఆమెకూ ఉండొచ్చు. ఊహించుకుంటూ కూర్చోకుండా, "అక్కా, ఈమధ్య నీరసంగా కనిపిస్తున్నావు, ఏమైంది?" అని మీరే అడగండి. ఒకవేళ కోపమే అయితే అదీ బయటపడుతుంది.

నాకు దిగులుగా ఉన్నది ఆ కడుపునొప్పి మాట గురించే. ఒకసారి తప్పించుకుంటే ఆ పూటకు హాయిగా ఉంటుంది, ఆ హాయే తర్వాతి ఫంక్షన్‌ను ఇంకా భయంగా మారుస్తుంది. అందుకే ఈసారి పిలుపు వస్తే అరగంటైనా వెళ్లి రండి. మీకు చనువున్న ఒకరి పక్కన కూర్చోండి. ఆ తర్వాత ఇంకొంచెం సేపు.

మూడు నెలలకే జబ్బని పేరు పెట్టను. అయితే గుండెదడ, చెమటలు వస్తున్నా, ఇంటి పనులు కూడా ఆగిపోతున్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడిని కలవండి. ఇలాంటి భయం ఆరు నెలలకు పైగా ఉంటే 'సోషల్ యాంగ్జైటీ' అయి ఉండొచ్చు. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే మందులతో బాగా తగ్గుతుంది. ఇంట్లో చెప్పడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 'టెలీ మానస్' నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.