కొండగొర్రెల వేటకు పోనివ్వాలా?

ప్రశ్న: మా తమ్ముడు డల్లాస్‌లో హెచ్‌1బి మీద ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసు దోస్తులు పశ్చిమ టెక్సాస్ కొండల్లో ఔదాద్ అనే అడవి గొర్రెల వేటకు రమ్మంటున్నారట, గైడు కూడా ఉంటాడట. "గొర్లు కాసిన ఇంట్ల పుట్టి గొర్రెనే కాలుస్తవారా" అని అమ్మ ఒకటే లొల్లి. నాకేమో వీసా టెన్షన్. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. అమ్మ కోపం నాలుగు రోజుల్లో చల్లారుతుంది, వీసా చిక్కు అలా కాదు. హెచ్‌1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం, దోస్తు దగ్గర అరువు తీసుకున్నా సరే. దీనికో మినహాయింపు ఉంది: అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది చేతికొచ్చాకే తుపాకీ ముట్టుకోమనండి. తన వీసా కాగితాలు చూసే వకీలును కూడా ఒక మాట అడగడం మంచిది.

ఇక అమ్మ మాట. ఔదాద్ మన మందలో గొర్రెలాంటిది కాదు. ఇసుక రంగు ఒళ్లు, గొంతు కింది నుంచి ముందు కాళ్ల దాకా వేలాడే వెంట్రుకలు, ఆడదానికీ కొమ్ములే, పెద్ద పొట్టేలు 130 కిలోల దాకా తూగుతుంది. దాని పుట్టిల్లు ఉత్తర ఆఫ్రికా. వేట కోసమే 1957, 58లలో టెక్సాస్‌లోని పాలో డ్యూరో లోయలో వదిలారు, తర్వాత రాళ్లగుట్టల్లో తెగ పెరిగిపోయింది. ఆ గుట్టల్లో అసలు ఉండాల్సిన బిగ్‌హార్న్ గొర్రెలకు మేత దగ్గరా నీళ్ల దగ్గరా ఇది పోటీ, పైగా ఊపిరితిత్తుల రోగం అంటిస్తుంది. పరాయి జంతువు కాబట్టి అక్కడ దీనికి వేట సీజన్ అంటూ లేదు, ఏడాదంతా కాల్చొచ్చు. విచిత్రం ఏంటంటే పుట్టింట్లో మాత్రం అది తగ్గిపోతున్న జాతి.

నన్నడిగితే అసలు భయం కొండదే. టెక్సాస్‌లో భూమి చాలావరకు ప్రైవేటుది, కాబట్టి గైడే రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద భూమి) యజమానితో మాట్లాడుకుంటాడు. పొద్దున్నే ఎదురుగుట్టను దుర్భిణీతో గంటలకొద్దీ వెతుకుతారు, ఎందుకంటే ఆ రంగు రాయిలో కలిసిపోతుంది. కనబడ్డాక మన వాసన దానికి తగలకుండా గాలి చూసుకుంటూ చుట్టుదారిన ఎక్కాలి. జారే రాళ్లు, బూటులోకి దిగే ముళ్లమొక్కలు, ఎండ, నీళ్లు మోసుకుపోవాలి. కుర్చీలో కూర్చునే పిల్లగాడు రెండు నెలలు ముందు నుంచైనా నడవాలి. తుపాకీ గురి కూడా ముందే నేర్చుకోవాలి, దెబ్బతిన్న జంతువు లోయలోకి పోతే వెతకడం అందరికీ నరకం. గురి కుదరదనిపిస్తే కెమెరా పట్టుకుని పొమ్మనండి, అదేం తక్కువ కాదు.

కొమ్ములు దేవరకొండకు మాత్రం తేవద్దు. అడవి జంతువుల, వాటి భాగాల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసే సైటిస్ ఒప్పందం జాబితాలో ఔదాద్ ఉంది, శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లకు జవాబు చెప్పుకోలేక చస్తారు.

ప్రశ్న: టెక్సాస్‌లో మన కృష్ణజింకను కూడా డబ్బు కట్టి కాలుస్తారని విన్నాను. ఇక్కడ అవే జింకలు మంద కట్టి వచ్చి నా పంట మేస్తున్నాయి, రాయి విసరాలన్నా భయమే. ఇదెక్కడి న్యాయం?
– ఒక రైతు, మక్తల్

జవాబు: విన్నది నిజమే. అక్కడ కృష్ణజింక పరదేశి, ఇక్కడ ఇంటిది. 1972 వన్యప్రాణి చట్టంలో అది షెడ్యూల్ 1 జంతువు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. ఆ షెడ్యూల్‌లో ఉన్నదాన్ని మనుషుల ప్రాణాలకు ముప్పనో, కోలుకోలేని గాయమో రోగమో అనో తప్ప, పంట తిన్నదని చంపడానికి అటవీ శాఖ పెద్దలు కూడా అనుమతి ఇవ్వలేరు. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. మీ కడుపుమంట అర్థమైంది, కానీ దయచేసి చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం కట్టకండి, ఆ తీగ జింకనూ మనిషినీ వేరు చేసి చూడదు. పంట పోయిన రోజే ఫొటోలు తీసి, పాస్‌బుక్ జిరాక్సు పెట్టి అటవీ రేంజ్ ఆఫీసులో నష్టపరిహారం దరఖాస్తు ఇవ్వండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. పక్క చేన్ల వాళ్లను కూడా వెంట తీసుకుపోండి, ఒక్కరే పోతే రేపు రమ్మంటారు.