కొత్త కెమెరా కన్నా ముందు కంటి పరీక్ష

ప్రశ్న: సార్, నేను కడపలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. వయసు 52. ఎనిమిదేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో లైకా ఎమ్ 240 కెమెరా కొన్నాను. 35, 50 ఎంఎం లెన్సులు రెండున్నాయి. పెద్ద దర్గా ఉరుసు, గండికోట, మా వీధి మనుషులు, ఇవే నా ఫోటోలు. పెద్ద ప్రింటంటే 12 బై 18 అంగుళాలే. రెండేళ్లుగా ఫోకస్ తప్పుతోంది. పోయిన ఉరుసులో ఖవ్వాలీ పాడేవాళ్లను తీస్తే పదిలో ఆరు మసక. అదే లైకాలో కొత్త మోడల్ ఎమ్ 11కి మారితే ఈ బాధ పోతుందా? పాతది అమ్మినా ఇంకో ఐదు లక్షల పైచిలుకు వేయాలి. పాప పీజీ ఫీజు కూడా ఈ ఏడే కట్టాలి, అందుకే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: సార్, మీ ఉత్తరం చదువుతుంటే నా చూపు ఆ 52 దగ్గర ఆగిపోయింది. ఇంచుమించు ఆ వయసులోనే నాకూ ఇదే జరిగింది.

అనంతపురంలో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ని. ఒకరోజు ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న పెద్దాయన్ను తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే, మగ్గం మీద జరీ పోగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, ఆయన కళ్లు మాత్రం మంచు పట్టినట్టున్నాయి. నలభై ఫోటోల్లో ముఖం కుదిరినవి ఐదో ఆరో. కెమెరా పాతబడిందనుకుని అమ్మకానికి పెట్టేశాను కూడా. అదే నెల కంటి పరీక్షకు పోతే అసలు సంగతి తెలిసింది. నాకు చత్వారం పెరిగింది. కొత్తగా వేయించుకున్న ప్రోగ్రెసివ్ అద్దాల్లో దూరం చూసే భాగం పైన ఉంటుంది. నేనేమో కెమెరాను కంటికి ఆనించి, అద్దం మధ్యభాగంలోంచి చూస్తున్నాను.

మీ లైకాలాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఫోకస్ చేసేది మన కన్నే. వ్యూఫైండర్, అంటే కన్ను పెట్టి చూసే కిటికీ, నడుమ ఉండే చిన్న చతురస్రంలో రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయో లేదో తేల్చాల్సింది మీరు. దూరంగా ఉన్న మనిషి కూడా అందులో రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టే కంటికి కనిపిస్తాడు, ఎందుకంటే వ్యూఫైండర్‌కే మైనస్ అర పవర్ పెట్టి తయారుచేస్తారు. ఆ రెండు మీటర్ల దూరం మీ కంటికి స్పష్టంగా ఆనకపోతే ఎన్ని లక్షల కెమెరా పెట్టినా బొమ్మలు కలిసినట్టే అనిపిస్తాయి, కలవవు. 1954లో వచ్చిన ఎమ్ 3లోనూ ఇదే పద్ధతి, 2022లో వచ్చిన ఎమ్ 11లోనూ ఇదే. పైగా ఎమ్ 11 సెన్సార్ 60 మెగాపిక్సెళ్లది. మీ 24 మెగాపిక్సెళ్లలో కనబడని చిన్న తప్పు కూడా అందులో జూమ్ చేసి చూస్తే బయటపడుతుంది.

కాబట్టి ముందు ఈ ఆదివారం ఒక పని చేయండి. టేబుల్ మీద వార్తాపత్రిక పరచి, మీటరు దూరంలో ట్రైపాడ్ మీద కెమెరాను ఏటవాలుగా పెట్టండి. 50 లెన్స్, ఎఫ్ 2 (లెన్స్ ద్వారం వెడల్పుగా తెరిచి). ఒక హెడ్‌లైన్ ఎంచుకుని రేంజ్‌ఫైండర్‌తో ఫోకస్ చేసి తీయండి. రింగు తిప్పేసి, మళ్లీ ఫోకస్ చేసి మళ్లీ తీయండి. అలా పది. పదీ హెడ్‌లైన్‌కు ఒకే వైపు తప్పితే, అంటే అన్నీ ముందుకో, అన్నీ వెనక్కో పడితే, లోపం కెమెరా సర్దుబాటులో ఉంది. లెన్స్ వెనక అంచు కెమెరా లోపలున్న చిన్న చక్రాన్ని తోస్తేనే ఆ బొమ్మ జరుగుతుంది. ఎప్పుడో బైకు మీద తగిలిన కుదుపుకు కూడా ఆ లెక్క తప్పొచ్చు, తెలిసిన మెకానిక్ సరిచేస్తాడు. 35తో బాగుండి 50తోనే తప్పితే లెన్స్‌ను అనుమానించాలి. పది ఫోటోలు తలోదిక్కు పడితే మాత్రం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కెమెరా వెంట తీసుకెళ్లి, ప్లస్ అర, ప్లస్ ఒకటి ట్రయల్ అద్దాలను వ్యూఫైండర్ కంటి కప్పు దగ్గర పట్టుకుని ఎదురుగోడ మీది చార్టును చూడండి. ఏది పెడితే బొమ్మల అంచులు కత్తిరించినట్టు కనిపిస్తాయో, ఆ పవర్ అద్దం వ్యూఫైండర్‌కు బిగించుకునేది దొరుకుతుంది. నాకు ప్లస్ ఒకటి సరిపోయింది. అమ్మకానికి పెట్టిన కెమెరాను వెనక్కి తీసుకున్నాను.

ఎమ్ 11 గురించీ చెప్పాలి కదా. ఒక మిత్రుడి కెమెరాతో గండికోటలో ఒక పూట తిరిగాను. నాకు నచ్చింది. మన ఎండకు అది బాగా పనికొస్తుంది. నడిమధ్యాహ్నం పెన్నా లోయ అంచున మీ 240ని ఐఎస్‌ఓ (సెన్సార్ వెలుగును పట్టే స్థాయి) 200 మీద పెట్టి ఎఫ్ 2తో తీయాలంటే సెకనులో 12,800వ వంతు షటర్ కావాలి. దానికున్నది 4,000వ వంతే. ఎమ్ 11 ఐఎస్‌ఓ 64 నుంచి మొదలవుతుంది కాబట్టి అదే వెలుగుకు 4,000వ వంతు సరిగ్గా సరిపోతుంది. ఎలక్ట్రానిక్ షటర్ 16,000వ వంతు దాకా పోతుంది గానీ, కదిలే మనుషులు అందులో వంకరగా పడతారు. రాత్రి ఖవ్వాలీకి కూడా ఎక్కువ ఐఎస్‌ఓలో అది మీదానికంటే శుభ్రంగా తీస్తుంది. నల్ల బాడీ 530 గ్రాములే, మీది 680. ఉరుసులో తెల్లవార్లూ మెడకు వేలాడేసుకునేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

అయితే ఎండ బాధకు మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్లద్దం, చాలు. అది బిగిస్తే మీ 240తోనే ఎఫ్ 2 పెట్టి 1,600వ వంతుకు తీయొచ్చు. ప్రింట్లకు 60 మెగాపిక్సెళ్లు అక్కర్లేదు. 24తోనే అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) లెక్కన దాదాపు 20 అంగుళాల వెడల్పు వస్తుంది, మీరు వేసేది 18. ఆ పెద్ద ఫైళ్లకు కొత్త లాప్‌టాప్ ఖర్చు కూడా మీద పడుతుంది.

ఈ ఏడు పాప ఫీజు కట్టేయండి సార్. కళ్లు, సర్దుబాటు రెండూ సరిచేయించుకుని వచ్చే ఉరుసుకు 240నే తీసుకెళ్లండి. అప్పుడు కూడా చీకట్లో తీసిన ఫోటోల మీద పడే మచ్చలే మిమ్మల్ని బాధపెడితే, బెంగళూరులో ఎమ్ 11 అద్దెకు దొరుకుతుందేమో వాకబు చేసి రెండు రోజులు వాడి చూడండి. ఈలోగా వార్తాపత్రిక మీద తీసిన ఆ పది ఫోటోలు నాకు పంపండి, తప్పు ఎటువైపుందో చూసి చెబుతాను.